కాళ్ళకు నీళ్ళు

దుకాణంలో చేరినప్పుడు నేను మొదట నేర్చుకున్న పని నిలబడటం. అదీ ఒక పనేనా అనుకునేవాళ్ళు ఒక పూట నిలబడి చూడాలి. చేన్లో పొద్దంతా వంగి కలుపు తీసినా రాని నొప్పి, నున్నటి బండల మీద ఊరికే నిలబడితే పిక్కల్లోకి ఎక్కుతుంది. గిరాకీ లేనప్పుడు కూడా కూర్చోకూడదు. లోపల మనుషులు కూర్చుని కనిపిస్తే దుకాణం నడవడం లేదని రోడ్డు మీద పోయేవాళ్ళకు తెలిసిపోతుందని మా సారు నమ్మకం. అందుకని తుడిచిన గిన్నెనే మళ్ళీ తుడిచేవాళ్ళం. మధ్యాహ్నం సద్ది విప్పుకోవడానికి వెనక గదిలోకి పోయినప్పుడు అట్టపెట్టెల మధ్య నేల మీద చతికిలపడటమే మాకు దొరికే సుఖం.

పటాన్‌చెరు పెద్దరోడ్డు మీద మూడు షట్టర్ల ఇంటి సామాన్ల దుకాణం అది. తొంభైల చివరి మాట. పొద్దున్నే షట్టర్లు ఎత్తి, ప్లాస్టిక్ బకెట్లను తాళ్ళకు గుచ్చి బయట వేలాడదీయడంతో పని మొదలయ్యేది. తర్వాత చీపుర్లు, చాటలు, నీళ్ళ డ్రమ్ములు మెట్ల మీదికి చేర్చాలి. లోపల ఒక గోడ నిండా స్టీలు, ఇంకో గోడకు కుక్కర్లు, మిక్సీలు, మధ్యలో గాజు సామాను. లారీలు లేపే దుమ్ము, గాలి మళ్ళినప్పుడు వచ్చే కంపెనీల పొగ, రెండూ కలిసి స్టీలు మీద జిడ్డులా పేరుకునేవి. కొత్త పెట్టెలు విప్పినప్పుడు గిన్నెల మధ్య కుక్కిన పాత పేపరు ముక్కల్ని నేను పారేసేదాన్ని కాదు. నలిగిన కాగితాన్ని మోకాలి మీద సాపు చేసుకుని, మొదలూ చివరా లేని కథలు చదువుకునేదాన్ని. నేను పదో తరగతి దాకా చదివిన చదువు ఆ దుకాణంలో పనికొచ్చింది అంతవరకే.

కొనడానికి వచ్చేవాళ్ళలో ఎన్ని రకాలో. గిన్నెను వేలి కణుపుతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని వినేవాళ్ళు కొందరు. పెద్ద ఫ్యాక్టరీ క్వార్టర్లలో ఉండే కోస్తా జిల్లాల ఆడవాళ్ళు కుక్కరు మూత పదిసార్లు బిగించి విప్పి చూసేవాళ్ళు. మా చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు శనివారం ఇనుము ముట్టరు. కత్తిపీట చేతికిస్తే అందుకోరు, కింద పెట్టాలి. ఇక అందరికీ కావలసింది పై అరలోనే ఉంటుంది. కొక్కెం కర్రతో దించి, తుడిచి చేతికిస్తే, అటు తిప్పి ఇటు తిప్పి చూసి 'మల్లొస్తం' అని వెళ్ళిపోతారు. రారని వాళ్ళకూ తెలుసు, మాకూ తెలుసు. అయినా నవ్వుతూ సాగనంపాలి. నాకు ఆ నవ్వు రాదు. గల్లా దగ్గర కూర్చునే మా మేడమ్, అంటే సారు భార్య, 'పళ్ళు కనపడాలమ్మాయ్, పళ్ళు' అని హెచ్చరిస్తూ ఉండేది. ఎవరివైనా నాలుగు పళ్ళు రాలగొడితే నాకు నవ్వు దానంతటదే వచ్చేదేమో.

ఇవన్నీ ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది ఒక్కటే. నేను అక్కడ పనిచేస్తున్నట్టు మావాళ్ళకు తెలియకూడదు.

మాది లక్డారం అవతల చిన్న ఊరు. మా అత్తగారింటిని ఊళ్ళో పటేండ్ల ఇల్లు అనేవాళ్ళు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. నేను కాపురానికి వచ్చేసరికే సగం భూమి కంపెనీల గోడల లోపలికి పోయింది. మిగిలిన చెలకకు కంపెనీల మురుగు దిగిన బావి నీళ్ళు పారిస్తే పైరు మాడిపోయేది. ఆ నీళ్ళు పశువులు కూడా మూతి పెట్టి వదిలేసేవి. మా ఆయన భూమిని బీడు పెట్టి తాను కూడా కంపెనీ పనికి పోయాడు. కొన్నేళ్ళకు ఆ కంపెనీ గేటుకు తాళం పడింది. ఈ రోజు తీస్తారు, రేపు తీస్తారు అంటూ రోజూ గేటు దాకా పోయి, చెట్టు కింద కూర్చుని, సాయంత్రానికి తిరిగి వచ్చేవాడు.

అప్పుడు ఆయన బావ మా ఇంటికి వచ్చాడు. మా పెద్దాడబిడ్డను జిన్నారం వైపు ఇచ్చారు. ఆమె భర్త నాకు అన్న వరస. గట్టి రైతు, తక్కువ మాటల మనిషి. ఖాళీగా ఎందుకు కూర్చుంటావు, మా ఊరికి రా, ఇద్దరం కలిసి సేద్యం చేద్దాం అని మా ఆయనతో అన్నాడు. అందులో తప్పేముంది. కానీ అక్కగారింటికి వెళ్ళి వాళ్ళ పొలంలో పనిచేయడమంటే మా ఆయనకు తల తీసేసినట్టు అనిపించింది. మాకేం తక్కువ బావా, మా ఇంటామెకు కంపెనీ ఆఫీసులో కొలువు దొరికింది, కుర్చీలో కూర్చునే పని, ఫ్యాను కింద, అన్నాడు. తలుపు చాటున నేను విన్నాను. అప్పటికి నాకు ఏ పనీ లేదు. లేని కుర్చీ, లేని ఫ్యాను, రెండూ నాకు పెద్ద మనసుతో ఇచ్చేశాడు మా ఆయన.

ఆ తర్వాత ఇల్లు గడవడం కోసం నేను దుకాణంలో చేరతానంటే చాలా రోజులు ముఖం తిప్పుకున్నాడు. చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. ఎవరికి తెలిసినా సరే, అక్కాబావలకు మాత్రం తెలియకూడదు. బావ ముందు అబద్ధాలకోరుగా నిలబడాల్సి వస్తే ఇక ఆ గడప తొక్కలేనన్నాడు. సరేనన్నాను. అప్పటికి నాకూ అదే సబబు అనిపించింది. పటేండ్ల కోడలు దుకాణంలో చీపుర్లు అమ్ముతోందంటే తల ఎత్తుకోవడం నాకు మాత్రం వస్తుందా.

ఇంటి అల్లుడంటే మా అత్తమ్మకు దేవుడి తర్వాత దేవుడు. కాపురానికి వచ్చిన కొత్తలో ఆమె నాకు నేర్పిన మొదటి పాఠం అదే. అల్లుడు వాకిట్లోకి వచ్చాడంటే కోడలు ఏ పనిలో ఉన్నా లేవాలి. కొంగు భుజాల నిండా కప్పుకోవాలి. చెంబు రెండు చేతులతో పట్టుకుని కాళ్ళకు నీళ్ళివ్వాలి. ఒకసారి పిండి కలుపుతూ నేను లేవడం కొంచెం ఆలస్యమైంది. ఆయన వెళ్ళిపోయాక అత్తమ్మ నన్ను నిలబెట్టి, 'ఇంటల్లుడు వాకిట్ల నిలవడ్డంక గూడ నీకు పీట మీద కూసునుడేనా' అంది. అరవలేదు, మెల్లగానే అంది. ఆ మెల్లగా అన్న మాట నా ఒంట్లోకి దిగిపోయింది. తర్వాత అత్తమ్మ పోయింది కానీ ఆ పాఠం మాత్రం పోలేదు.

దుకాణంలో నా చూపు ఎప్పుడూ మెట్ల మీదే ఉండేది. మా వైపు మనిషి ఎవరైనా ఎక్కి వస్తుంటే వెనక గదిలోకి జారుకునేదాన్ని. ఒకసారి మా వాడకట్టు ఆమె ఒకతి వచ్చింది. వెనక్కి పోయే దారి లేక నీళ్ళ డ్రమ్ముల వెనక నక్కాను. ఆ మహాతల్లి కొనడానికి వచ్చిందీ నీళ్ళ డ్రమ్మే. నాతో పనిచేసే ఆడపిల్లలు ఒక్కో డ్రమ్ము తీసి చూపిస్తుంటే, నేను వంగి వంగి పక్క డ్రమ్ము వెనక్కి మారుతూ పోయాను. ఆమె వెళ్ళిపోయాక ఆ పిల్లలు పడీ పడీ నవ్వారు. నేనూ వాళ్ళతో కలిసి నవ్వాను. దొంగతనం చేయని మనిషి దొంగలా దాక్కుంటే చూసేవాళ్ళకు ఎంత హీనంగా ఉంటుందో ఇంటికి పోయేటప్పుడు బస్సులో తెలిసి వచ్చింది.

ఇట్లా దాక్కుంటూ నెట్టుకొచ్చేదాన్నే, నా నోరు ఊరుకుని ఉంటే.

ఆ వేసవిలో సారు కొత్త రకం పెనాలు తెప్పించాడు. మందపాటి అల్యూమినియం, కర్ర పిడి. క్వార్టర్ల వాళ్ళు దోసెలకు బాగుంటాయని కొన్నారు. ఊళ్ళవాళ్ళు మాత్రం చేతిలోకి తీసుకుని, బరువు చూసి, దీని మీద జొన్నరొట్టె పొంగదు అని పెట్టేసేవాళ్ళు. ఒకరోజు ఒక ముసలామె అదే మాట అంటుంటే నేను అందుకున్నాను. తప్పు పెనానిది కాదు పెద్దమ్మా, మరిగే నీళ్ళు పోసి పిండి కలపాలి, పెనం కాగాక మంట తగ్గించాలి, అప్పుడు పొంగకపోతే నన్నడుగు అన్నాను. ముసలామె కొనలేదు. గల్లా దగ్గర ఉన్న సారు మాత్రం విన్నాడు.

'అయితే చేసి చూపించమ్మా. ఆదివారం మెట్ల పక్కన స్టవ్ పెట్టిస్తాను' అన్నాడు.

లోపల చేస్తానన్నాను. లోపల చేస్తే ఎవరు చూస్తారమ్మా అని నవ్వాడు. ఆయన చెడ్డవాడేం కాదు. గుంటూరు వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి, అది వదిలి దుకాణం పెట్టుకున్న మనిషి. మా ఊళ్ళ సంగతులు, ఎవరి ఇల్లు ఏదో ఆయనకు తెలియవు. చెప్పి ఉంటే మానిపించేవాడేమో. రొట్టెలతో పాటు కొలువు కూడా మానిపిస్తాడేమోనని నేను చెప్పలేదు. మూసుకోవలసినప్పుడు తెరుచుకుంటుంది, తెరవాల్సినప్పుడు మూసుకుంటుంది నా నోరు.

ఆదివారం కంపెనీలకు సెలవు, బజారు నిండా జనం. మెట్ల పక్కన ఒక తక్కువ ఎత్తు చెక్కబల్ల వేసి, దాని మీద నన్ను కూర్చోబెట్టారు. ఎదురుగా స్టవ్, కొత్త పెనం, పళ్ళెంలో జొన్నపిండి, ఒక ఇత్తడి చెంబులో నీళ్ళు. చేరినప్పటి నుంచీ కూర్చోవద్దన్న దుకాణం నాకు కూర్చునే పని ఇచ్చింది. అదీ నడిరోడ్డు మీద. మా ఆయన బావకు చెప్పిన మాట సగం నిజమైందని నాలో నేనే అనుకున్నాను.

ఇంట్లో రొట్టె చేయడం వేరు. మూడు వైపులా గోడలుంటాయి, పొగ ఉంటుంది, మన చేతుల్ని ఎవరూ చూడరు. ఇక్కడ నేను పిండిముద్దను అరచేత్తో తడుతూ తిప్పుతుంటే చుట్టూ మనుషులు మూగి, చేతుల వైపే చూసేవాళ్ళు. మొగవాళ్ళు. లారీలు ఆపుకుని దిగినవాళ్ళు, బీహారు నుంచి పనికి వచ్చిన కుర్రవాళ్ళు. మెడ మీద చెమట తుడుచుకుందామన్నా వాళ్ళ కళ్ళు అక్కడికి వస్తాయేమోనని తుడుచుకునేదాన్ని కాదు. పిండి రొట్టెగా సాగుతుంటే గాజుల చప్పుడు కూడా తప్పుగా వినిపించేది. రొట్టె చేసి, పచ్చిమిరపకాయ తొక్కు వేసి, విస్తరాకు ముక్కలో పెట్టి ఇస్తే, 'భాభీ, ఔర్ ఏక్' అనేవాళ్ళు. ఎవరికి వదినెను నేను. కానీ రొట్టె పెనం మీద బుస్సున పొంగినప్పుడు జనం 'ఆఁ' అనేవాళ్ళు. ఆ చప్పుడుకి నా లోపల ఎక్కడో సంతోషంగా ఉండేది. సిగ్గుపడుతూ కూర్చున్న మనిషికి ఆ సంతోషం ఇంకా సిగ్గు.

పెనాలు అమ్ముడుపోయాయి. దాంతో ప్రతి ఆదివారం నాకు చెక్కబల్లే గతి అయింది. మా ఆయనకు ఈ సంగతి చెప్పలేదు. నేను లోపల కుక్కర్ల దగ్గర ఉంటానని ఆయన అనుకుంటున్నాడు, అనుకోనీ అని ఊరుకున్నాను. వేళ్ళ మీద బొబ్బలు చూసి అడిగితే ఇంటి పొయ్యి మీదికి నెట్టాను. ఇద్దరం కలిసి బావ దగ్గర ఒకటి దాచాం, నేను మా ఆయన దగ్గర ఇంకొకటి దాచాను.

చెక్కబల్ల మీద ఎప్పుడూ తల వంచుకునే ఉండేదాన్ని కాబట్టి, నాకు మనుషులు కాళ్ళ దగ్గరి నుంచి తెలిసేవాళ్ళు. బూట్లంటే కంపెనీ మనిషి. హవాయి చెప్పులంటే కూలి. ఆ ఆదివారం ఎండ నెత్తి మీద ఉంది. రొట్టె తిరగేస్తుంటే, మనుషుల కాళ్ళ మధ్య ఒక తెగిన చెప్పు పట్టీ కనిపించింది. అది మా ఆయనది, దానికి ఎర్రదారంతో కుట్టు వేసింది నేనే. పక్కనే దుమ్ము కొట్టుకుపోయిన కిర్రు చెప్పులు, పగిలిన మడమలు. ఆ కాళ్ళకు నేను ఎన్నిసార్లు నీళ్ళిచ్చానో.

బావ కొత్త ఇల్లు కట్టుకుంటున్నాడని నాకు తెలుసు. సామాను కొనడానికి వచ్చి, మా ఆయనను వెంటబెట్టుకుని బజారు తిరుగుతున్నట్టున్నాడు. మా ఆయన గొంతు వినిపించింది. ఇక్కడ మంచి సామాను దొరకదు బావా, ముందుకు పోదాం అంటున్నాడు. కాల్చిన రొట్టె వాసన తగిలిందో, గుంపును చూశాడో, బావ మాత్రం కదలలేదు. ఒక రొట్టె తిని పోదాం, పొద్దటి నుంచి ఏం తినలేదు అన్నాడు. అప్పుడు మా ఆయన గుంపులోంచి ముందుకు వచ్చాడు. వచ్చాక నన్ను చూశాడు. నేను తల ఎత్తకుండానే ఆయన కాళ్ళు ఆగిపోవడం చూశాను. కాసేపటికి విస్తరాకు ముక్క పట్టుకున్న ఆయన చెయ్యి నా ముందుకు వచ్చింది.

'జెర జల్దీ ఇయ్యమ్మా. మేం పోవాలె' అన్నాడు.

దారిన పోయే ఎవరైనా ఒక ఆడమనిషిని అమ్మా అనే అంటారు. అందులో తప్పు లేదు. తల ఎత్తకు, నేను ఎవరో నీకు తెలియదు అని ఆయన నాకు చెప్తున్నాడని అర్థమైంది. ఆయన అన్నట్టే చేద్దామనుకున్నాను. కొంగు ముఖం మీదికి లాక్కున్నాను. రొట్టె ఆకులో పెట్టాను. ఇంకొకటి పెనం మీద వేశాను. అది కాలితే బావకు ఇచ్చేస్తే అయిపోయేది. ఇద్దరూ వెళ్ళిపోయేవాళ్ళు, ఎవరికీ ఏమీ తెలిసేది కాదు.

బావ ఒక అడుగు ముందుకు వేసి నా చెక్కబల్లకు ఎదురుగా నిలబడ్డాడు. ఆ కిర్రు చెప్పులు, ఆ దుమ్ము కాళ్ళు సరిగ్గా నా ముందు ఆగాయి. నేను లేచి నిలబడ్డాను.

ఎందుకు లేచానో నన్ను అడగకండి. నేను లేవలేదు, నా ఒళ్ళు లేచింది. పిండి చేతులతోనే కొంగు భుజాల నిండా కప్పుకున్నాను. చేతులు తడుపుకోవడానికి పెట్టుకున్న చన్నీళ్ళ చెంబు రెండు చేతులతో ఎత్తి ఆయన ముందు పట్టుకున్నాను. నడిరోడ్డు మీద, బకెట్ల తోరణాల కింద, ఒక గిరాకీకి కాళ్ళకు నీళ్ళిస్తూ నిలబడ్డాను. గుంపులో ఎవరో, ఈ దుకాణంలో రొట్టె తినాలంటే కాళ్ళు కడుక్కోవాలా ఏంది అని నవ్వారు. లోపలి నుంచి సారు, పెనం మాడుతోందమ్మా అని కేక వేశాడు. నాకు వినిపిస్తూనే ఉంది. చేతులు మాత్రం దిగలేదు.

అప్పుడు బావ నా ముఖం చూశాడు. తర్వాత మా ఆయన వైపు చూశాడు. మా ఆయన పైన వేలాడుతున్న బకెట్లను చూస్తున్నాడు. నోట్లో రొట్టె ముక్క అట్లాగే ఉంది.

బావ చెప్పులు విడిచాడు. చెంబు అందుకుని రోడ్డు పక్క మోరీ అంచుకు పోయి, ఒక కాలు తర్వాత ఒక కాలు, మా వాకిట్లో కడుక్కున్నట్టే నింపాదిగా కడుక్కున్నాడు. చేతులు కడిగాడు. మిగిలిన నీళ్ళతో ముఖం తుడుచుకున్నాడు. ఖాళీ చెంబు తెచ్చి నా చేతికిచ్చాడు.

'ఇంత ఎండల కూసున్నవా చెల్లె' అన్నాడు.

సారు మెట్లు దిగి వచ్చి, మీవాళ్ళామ్మా అని అడిగాడు. నేను చెంబు కింద పెట్టి స్టవ్ మంట తగ్గించాను. చెప్పవలసిన మనిషి బకెట్ల కింద ఉన్నాడు. చివరికి బావే, మా ఇంటి పిల్లే సారూ అన్నాడు. మెట్టు మీద కూర్చుని, నల్లగా మాడిపోయిన ఆ రొట్టెనే ఇమ్మన్నాడు. వద్దన్నా వినలేదు, మొత్తం తిన్నాడు. తర్వాత లోపలికి పోయి ఒక పెనం కొని, మోయమని మా ఆయన చేతికిచ్చాడు. బావ ఒక్క మాట తిట్టినా నాకు తేలికయ్యేది. వాళ్ళు వెళ్ళిపోయాక సారు అడిగిందేదీ నాకు చెవికెక్కలేదు. సాయంత్రం దాకా రొట్టెలు చేస్తూనే ఉన్నాను. ఒక్కటీ సరిగ్గా పొంగలేదు.

ఇంటికి పోయేసరికి మా ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కొడతాడేమో, అరుస్తాడేమో అనుకున్నాను. రెండూ చేయలేదు.

'నీళ్ళెందుకిచ్చినవ్?' అన్నాడు. కోపంగా కాదు, బతిమాలినట్టు. 'నీళ్ళియ్యకుంటే ఆయనకు తెల్వకపోవు.'

'ఇంటల్లుడొస్తే ఇయ్యమని మీ అమ్మనే నేర్పింది. మొగడు అమ్మా అంటె ఏం జెయ్యాల్నో నేర్పలే' అన్నాను.

నేను లోపలికి పోయి అన్నం వండాను. ఆ రోజు నుంచి మా ఇంట్లో జొన్నరొట్టె చేయడం మానేశాను. ఆయన ఎప్పుడూ అడగలేదు. తర్వాతి ఆదివారం మళ్ళీ చెక్కబల్ల మీద కూర్చున్నాను. కూర్చోక ఏం చేస్తాను. కానీ ఆ 'అమ్మా' నా లోపల అట్లాగే ఉండిపోయింది. గిన్నెలు తుడుస్తున్నా, బస్సులో నిలబడినా అదే. పరాయి మనిషిని చేశాడు కదా, రోడ్డు మీద, అందరి ముందూ. బావకు ఉన్న మనసు మొగుడికి లేకపోయె అని లోపల్లోపల రగిలిపోయేదాన్ని. ఆయనతో అవసరం ఉన్నంతే మాట్లాడేదాన్ని.

వానలు వెనకబట్టాక బావ కొత్త ఇంటి గృహప్రవేశం వచ్చింది. పోకుండా ఉండటానికి లేదు. జిన్నారం బస్సులో మా ఆయన కిటికీ వైపు, నేను ఇటు వైపు. ఈపాటికి అక్కడ అందరికీ తెలిసే ఉంటుందనుకున్నాను. తెలియనీ. ఎవరైనా ఎత్తితే ఉన్నది ఉన్నట్టు చెప్పేద్దాం, అవును, దుకాణంలో రొట్టెలు చేస్తాను, ఈయన నన్ను చూసి అమ్మా అన్నాడు అని పదిమందిలో చెప్పేద్దాం అనుకున్నాను. ఏం చెప్పాలో, ఏ మాట తర్వాత ఏ మాటో దారి పొడుగునా కూర్చుకున్నాను.

వాకిట్లోకి అడుగు పెట్టగానే మా ఆడబిడ్డ ఎదురొచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఆఫీసువాళ్ళు సెలవిచ్చారా అని అడిగింది. వెటకారం లేదు, నిజంగానే అడిగింది. బావ ఇంట్లో చెప్పలేదని అప్పుడు తెలిసింది. నడిబజారులో నా చేతి నీళ్ళతో కాళ్ళు కడుక్కున్న మనిషి, సొంత భార్యకు కూడా చెప్పకుండా దాచాడు. నా మీద దయతోనే దాచాడు. దాచాల్సిన సంగతే అని ఆయనకు కూడా అనిపించిందన్న మాట. ఆ దయ చల్లగా ఉండాల్సింది. ఎందుకో చెంప మీద కొట్టినట్టు ఉంది.

పాలు పొంగించడం అయ్యాక బంతి భోజనాలకు కూర్చున్నాం. బావ, మా ఆయన ఎదురు వరసలో పక్కపక్కనే ఉన్నారు. ఆడబిడ్డ వడ్డిస్తూ వడ్డిస్తూ, ఏదో గుర్తొచ్చి వంటింట్లోకి పోయి ఆ పెనం తెచ్చి నాకు చూపించింది. కర్ర పిడి, మందపాటి అడుగు. దాని మీద మా దుకాణం చీటీ ఇంకా ఊడలేదు.

'మీ అన్న పటాన్చెరుల కొన్నడే. ఆడ దుకాణం ముంగట ఎవరో ఆడామె రొట్టెలు జేసి సూపెడ్తదట. గామె చెయ్యి అచ్చం నీ చెయ్యి లెక్కనే ఉన్నదని ఒక్కతీర్గ చెప్పవట్టె. నువ్వు గాడికే పోతవ్ గదా రోజు, సూసినవా ఎన్నడన్న?'

వరసలో తింటున్నవాళ్ళందరూ నా వైపు చూశారు. బావ విస్తరిలో వేళ్ళు ఆపి, అన్నం వైపే చూస్తున్నాడు. మా ఆయన నీళ్ళ గ్లాసు కోసం వెతుకుతున్నాడు. బస్సులో కూర్చుకున్న మాటలన్నీ నా నోటి దాకా వచ్చాయి. బొబ్బలు మానిన మచ్చలున్న చెయ్యిని కొంగు కిందికి లాక్కున్నాను.

'సూడలే వదినె' అన్నాను. 'ఎవరో ఏమో.'

ఆమె పెనం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. మా ఆయన తల ఎత్తి నన్ను చూశాడు. రోడ్డు మీద ఒక్క మాట అన్నందుకు ఇన్ని నెలలుగా ఆయన మీద పెట్టుకున్న కోపాన్ని ఇక ఎక్కడ పెట్టాలో నాకు తెలియలేదు.